రాగి ఆక్సైడ్ పారదర్శకంగా ఉంటూనే హోల్స్‌ను మోయాలంటే

ఫోన్ తెర మీదా సోలార్ సెల్ ముఖం మీదా ఉండే పారదర్శక వాహక పొరలు దాదాపు అన్నీ ఎన్-టైపే. ఐటీఓ అని పిలుచుకునే ఇండియం టిన్ ఆక్సైడ్, ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్, అల్యూమినియం కలిపిన జింక్ ఆక్సైడ్, వీటన్నిట్లో కరెంటు మోసేది ఎలక్ట్రాన్లే. మంచి ఐటీఓ పొర వాహకత సెంటీమీటరుకు 5,000 నుంచి 10,000 సీమెన్స్ దాకా వస్తుంది. పారదర్శకంగా ఉంటూనే హోల్స్‌ను, అంటే ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట ఏర్పడిన ప్లస్ ఆవేశపు ఖాళీలను, మోసే పి-టైప్ పొర అడిగితే ఆ అంకె ఒక్కసారిగా వందల్లోకి, చాలాసార్లు ఒకట్లలోకి పడిపోతుంది.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన విద్యార్థులు ఇది డోపింగ్ (వాహకత కోసం వేరే మూలకం కొద్దిగా కలపడం) సమస్య అనుకుంటారు. మెగ్నీషియం లాంటి డోపెంట్ ఇంకాస్త వేస్తే వాహకత ఇంకాస్త పెరుగుతుందని లెక్క వేసుకుంటారు. అసలు అడ్డంకి డోపెంట్ పరిమాణంలో లేదు, రాగికీ ఆక్సిజన్‌కూ మధ్య ఉన్న బంధంలో ఉంది. హోల్స్ పుట్టడాన్ని సులువు చేసేదీ ఆ బంధమే, పుట్టిన హోల్‌ను కదలనివ్వనిదీ ఆ బంధమే. దీన్ని పట్టుకుంటే కొలిమిలో ఏం చేయాలో, ఏం చేయకూడదో చాలావరకు దానంతటదే తేలుతుంది.

రాగినే ఎందుకు ఎంచుకున్నారు

జింక్ ఆక్సైడ్, ఇండియం ఆక్సైడ్ లాంటి వాటిలో వాహక పట్టీ (ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదిలే శక్తి స్థాయిలు) అడుగు భాగం లోహపు ఎస్ ఆర్బిటాళ్లతో ఏర్పడుతుంది. అవి పెద్దవి, గోళాకారం. పక్క అణువుల (ఈ వ్యాసంలో అణువు అంటే పరమాణువే) ఆర్బిటాళ్లతో బాగా కలుస్తాయి కాబట్టి ఎలక్ట్రాన్ సాఫీగా సాగిపోతుంది. సంయోజక పట్టీ (మామూలుగా ఎలక్ట్రాన్లతో నిండి ఉండే, హోల్స్ కదలాల్సిన స్థాయిలు) పైభాగం మాత్రం ఆక్సిజన్ 2పి ఆర్బిటాళ్లది. అవి చిన్నవి, ఒక్కో ఆక్సిజన్‌కే అతుక్కుని ఉంటాయి, శక్తిలో చాలా లోతున ఉంటాయి. అక్కడ హోల్ పుట్టించడమే కష్టం, ఎలాగో పుట్టించినా అది కదలదు.

1997లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిరోషి కవాజోయే, హిడియో హొసోనో బృందం నేచర్ పత్రికలో కాపర్ అల్యూమినియం ఆక్సైడ్ పలుచని పొర గురించి ప్రచురించింది. గది ఉష్ణోగ్రత దగ్గర దాని వాహకత సెంటీమీటరుకు సుమారు 1 సీమెన్స్. వాళ్ల ఆలోచన ఇది: ఆక్సిజన్ 2పి స్థాయికి శక్తిలో దగ్గరగా ఉండే నిండిన డి కక్ష్య ఒకటి కావాలి. రాగి ఒకటి-ప్లస్ అయాన్‌లో 3డి కక్ష్యలో పదికి పది ఎలక్ట్రాన్లూ ఉంటాయి. కక్ష్య నిండి ఉంది కాబట్టి డి నుంచి డికి దూకే మార్పులు ఉండవు, ఆ కారణంగా రంగు రాదు. ఆ స్థాయి ఆక్సిజన్ 2పికి దగ్గరగా ఉంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. ఆ కలయికలో పైకి వచ్చే యాంటీబాండింగ్ (బంధాన్ని బలహీనపరిచే) స్థాయి కొత్త సంయోజక పట్టీ శిఖరం అవుతుంది. అందులో రాగి వాటా ఎక్కువ, ఆక్సిజన్ ఒక్కదాని పట్టు సడలుతుంది.

మామూలు రాగి ఒకటి-ప్లస్ ఆక్సైడ్, అంటే ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్, చాలా పాత సెమీకండక్టర్. 1920లలోనే దాంతో రెక్టిఫైయర్లు చేశారు. మంచి స్ఫటికాల్లో దాని హోల్ మొబిలిటీ 100 దాకా ఉంటుంది. (మొబిలిటీ అంటే ఆవేశం ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే కొలత; ఈ వ్యాసంలో ఆ అంకెలన్నీ వోల్టు-సెకనుకు చదరపు సెంటీమీటర్లలో.) అయితే బ్యాండ్ గ్యాప్, అంటే ఆ రెండు పట్టీల మధ్య శక్తి దూరం, సుమారు 2.17 ఎలక్ట్రాన్ వోల్టులే. నీలం, ఆకుపచ్చ కాంతులను మింగేస్తుంది. రాగి అణువులు ఒకదానికొకటి మూడు దిశల్లోనూ దగ్గరగా ఉండటం వల్ల పట్టీలు వెడల్పై గ్యాప్ తగ్గింది.

డెలఫోసైట్ నిర్మాణం ఇక్కడే పనికొచ్చింది. 1873లో షార్ల్ ఫ్రీడెల్ వర్ణించిన కాపర్ ఐరన్ ఆక్సైడ్ ఖనిజం పేరే ఈ కుటుంబానికి వచ్చింది. దీనిలో రాగి అణువులు ఒక సమతలంలో త్రికోణ వలలా పరుచుకుంటాయి. ప్రతి రాగి అణువుకూ పైన ఒకటి, కింద ఒకటి ఆక్సిజన్ నిట్టనిలువుగా నిలుస్తాయి. రాగి-ఆక్సిజన్ దూరం సుమారు 1.86 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ రాగి వలల మధ్య అల్యూమినియం, గ్యాలియం, క్రోమియం లాంటి మూడు-ప్లస్ అయాన్లు ఆరేసి ఆక్సిజన్లతో పలకలుగా ఉంటాయి. రాగి పరస్పర చర్య ఒక్క తలానికే పరిమితం కావడంతో గ్యాప్ పెరుగుతుంది. కాపర్ అల్యూమినియం ఆక్సైడ్‌లో ప్రత్యక్ష గ్యాప్ సుమారు 3.5 ఎలక్ట్రాన్ వోల్టులు, పరోక్ష గ్యాప్ 3కి దగ్గర. కాబట్టి కంటికి కనిపించే వెలుగు చాలావరకు దాటిపోతుంది.

ఈ పలకల అమరిక వల్ల కరెంటు కూడా తలం వెంట తేలిగ్గా, తలానికి అడ్డంగా కష్టంగా సాగుతుంది. ఏక స్ఫటికాల్లో ఈ తేడా పదుల రెట్లు ఉంటుంది. కాబట్టి పొరలో స్ఫటికాలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో రాయకుండా వాహకత ఒక్కటే రాస్తే ఆ అంకెతో పెద్దగా పని జరగదు.

గ్యాప్ అంకెలతో జాగ్రత్త

కాపర్ అల్యూమినియం ఆక్సైడ్‌కు ఆప్టికల్ గ్యాప్ 3.5, గ్యాలియం వెర్షన్‌కు 3.6, ఇండియం వెర్షన్‌కు 3.9 అని కొలిచారు. ఇది తలకిందుల వరుస. అల్యూమినియం నుంచి ఇండియం వైపు పోతే గ్యాప్ తగ్గాలి, మిగతా ఆక్సైడ్లన్నీ అలాగే చేస్తాయి. 2002లో నై, వెయ్, జాంగ్ ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో దీనికి కారణం చూపించారు. అసలైన కనిష్ఠ గ్యాప్ నిజంగానే ఇండియం వైపు తగ్గుతోంది. కానీ బ్రిల్వాన్ జోన్ (స్ఫటికంలో ఎలక్ట్రాన్ తరంగాల పటం) మధ్యలో జరగాల్సిన మార్పు పారిటీ (సౌష్ఠవ) నియమం వల్ల నిషిద్ధం, అందుచేత కాంతిని గట్టిగా పీల్చుకోదు. స్పెక్ట్రోమీటరుకు కనిపించేది జోన్ అంచున జరిగే వేరే మార్పు.

అదే పత్రం ఇంకో సంగతి కూడా వివరించింది. ఇండియం వెర్షన్‌లో వాహక పట్టీ బాగా కిందికి దిగి ఉంది కాబట్టి అది రెండు వైపులా డోప్ అవుతుంది. కాల్షియం వేస్తే పి-టైప్, టిన్ వేస్తే ఎన్-టైప్. ప్రయోగంలో ఇది 2001లోనే చూపించారు. టాక్ ప్లాట్‌లో (కాంతి శోషణ నుంచి గ్యాప్ తీసే గ్రాఫ్) ఒక సరళరేఖ గీసి వచ్చిన అంకెను బ్యాండ్ గ్యాప్ అని రాసేవాళ్లు ఈ కుటుంబం విషయంలో కనీసం "ప్రత్యక్ష ఆప్టికల్ గ్యాప్" అని స్పష్టంగా రాయాలి. ఆ అంకెను కాంటాక్ట్ శక్తి లెక్కల్లో పెట్టకూడదు.

హోల్ పుడుతుంది, కానీ ఇరుక్కుంటుంది

శిఖరం యాంటీబాండింగ్ స్థాయి అని చెప్పుకున్నాం కదా. ఒక రాగి అణువును తీసేస్తే ఆ యాంటీబాండింగ్ ఒత్తిడి కొంత తగ్గుతుంది. అందుకే రాగి ఖాళీలు ఏర్పడటానికి పెద్దగా శక్తి అక్కర్లేదు. ఏమీ కలపకుండానే ఈ పదార్థాలు పి-టైప్ కావడానికి ముఖ్య కారణం ఇదే.

ఇప్పుడు రెండో ముఖం. హోల్ రాగి మీద ఎక్కువగా కూర్చుంటే ఆ రాగి దాదాపు రెండు-ప్లస్ అయాన్‌లా ప్రవర్తిస్తుంది. రెండు-ప్లస్ రాగికి ఇష్టమైన అమరిక నాలుగు ఆక్సిజన్ల చదరం. ఇక్కడ ఉన్నవి నిలువున రెండే. చుట్టూ ఉన్న అణువులు కొద్దిగా కదిలి హోల్‌కు గుంట కడతాయి, హోల్ అందులో పడుతుంది. దీన్ని చిన్న పోలరాన్ అంటారు. ఆ తర్వాత అది పట్టీలో జారదు, ఒక చోటు నుంచి మరో చోటికి వేడి సాయంతో దూకాలి. కాపర్ అల్యూమినియం ఆక్సైడ్‌లో ఉత్తేజ శక్తి సుమారు 0.2 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ అంకెతో లెక్కేస్తే 300 కెల్విన్ నుంచి 350 కెల్విన్‌కు పోయేసరికి వాహకత సుమారు మూడు రెట్లు అవుతుంది. నమూనా పక్కన హాలోజెన్ దీపం వెలుగుతుండగా తీసిన కొలతకు విలువ ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

కాపర్ క్రోమియం ఆక్సైడ్ కొంచెం మెరుగు. క్రోమియం 3డి స్థాయిలు కూడా ఆక్సిజన్ 2పితో కలిసి సంయోజక పట్టీ పైభాగానికి చేరువగా వస్తాయి. హోల్‌కు రాగి వల ఒక్కటే కాక పక్క పలక కూడా దారి ఇస్తుంది. 2001లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి నాగరాజన్, టేట్, స్లైట్ తదితరులు 5 శాతం మెగ్నీషియం కలిపిన కాపర్ క్రోమియం ఆక్సైడ్ పొరలో 220 సీమెన్స్ చూపించారు. ఈ కుటుంబంలో ఇప్పటికీ అందరూ ఉదహరించే అంకె అదే. వెలుగు విషయంలో మాత్రం ఆ పొర బలహీనం. దాటిపోయే కాంతి సగానికన్నా తక్కువ.

ఆ 220ని కాస్త విడదీసి చూద్దాం. కాపర్ క్రోమియం ఆక్సైడ్‌లో ఘనపు సెంటీమీటరుకు క్రోమియం స్థానాలు సుమారు 2.3 × 10²². అందులో 5 శాతం మెగ్నీషియం అయి, ఒక్కోటి ఒక్కో హోల్ ఇచ్చిందనుకుంటే హోల్స్ సంఖ్య 1.1 × 10²¹. ఐటీఓలో ఎలక్ట్రాన్ల సంఖ్య కూడా ఇంచుమించు అంతే. 220ని ఆ సంఖ్యతో, ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగిస్తే మొబిలిటీ 1.2 వస్తుంది. ఐటీఓది 30 నుంచి 40. అంటే సంఖ్యలో మనం వెనకబడి లేము, నడకలోనే వెనకబడ్డాం. డోపెంట్ ఇంకా తోసినా ఈ లోటు తీరదు.

మెగ్నీషియం ఎంత వరకు

క్రోమియం మూడు-ప్లస్ అయాన్ వ్యాసార్థం 0.615 ఆంగ్‌స్ట్రామ్‌లు, మెగ్నీషియం రెండు-ప్లస్‌ది 0.72. తేడా 17 శాతం, కాబట్టి కొంతవరకు ఇముడుతుంది. అల్యూమినియంది 0.535. అక్కడ తేడా 35 శాతం. అందుకే కాపర్ అల్యూమినియం ఆక్సైడ్‌లో మెగ్నీషియం దాదాపు ఇమడదు, వేసినదంతా మెగ్నీషియం అల్యూమినేట్ స్పినెల్ అనే వేరే స్ఫటికంగా విడిపోతుంది. క్రోమియం వెర్షన్ బల్క్ పొడిలోనూ కొద్ది శాతాలు దాటేసరికి మెగ్నీషియం క్రోమైట్ స్పినెల్ కనిపించడం మొదలవుతుంది. అది విద్యుత్ బంధకం. రేణువుల సరిహద్దుల్లో చేరి ఉన్న వాహకతను కూడా తినేస్తుంది. 3 శాతం నమూనా కన్నా 6 శాతం నమూనా వాహకత తక్కువగా వస్తే కారణం ముందుగా అక్కడే వెతకాలి.

10 గ్రాముల పొడికి, 3 శాతం మెగ్నీషియంతో, తూకాలు ఇవి: క్యూప్రస్ ఆక్సైడ్ 4.877 గ్రాములు, క్రోమియం ఆక్సైడ్ 5.025 గ్రాములు, మెగ్నీషియం ఆక్సైడ్ 0.082 గ్రాములు. కూడితే 9.984 గ్రాములే వస్తుంది. మిగతా 0.016 గ్రాములు ఎక్కడ? అది గాలి నుంచి రావాల్సిన ఆక్సిజన్. మూడు ఆక్సైడ్లలో కలిపి ఒక్కో ఫార్ములాకు 1.985 ఆక్సిజన్లే ఉన్నాయి, కావాల్సినవి 2. ఆ 0.015 లోటును ఆక్సిజన్ నింపినప్పుడే, ఒక్కో ఆక్సిజన్ అణువు రెండేసి ఎలక్ట్రాన్లు లాక్కుని 0.03 హోల్స్ మిగులుస్తుంది. అంటే మెగ్నీషియం వేయడం డోపింగ్‌లో సగమే, మిగతా సగం కొలిమి వాతావరణం చేస్తుంది. ఆరంభం నుంచి చివరి వరకు స్వచ్ఛమైన ఆర్గాన్‌లో కాలిస్తే మెగ్నీషియం లోపల కూర్చున్నా ఆక్సిజన్ ఖాళీలు దాన్ని సరితూచేస్తాయి, హోల్స్ రావు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో (స్ఫటిక నిర్మాణం చూపే పరీక్ష) పొడి చక్కగా ఉందనిపిస్తుంది, మల్టీమీటర్‌లో మాత్రం ఏమీ కదలదు.

మెగ్నీషియం ఆక్సైడ్‌ను తూచే ముందు 900 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి, డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే తూచాలి. సీసాలో ఉన్నది గాలి తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుని కొంత హైడ్రాక్సైడ్, కొంత కార్బొనేట్ అయి ఉంటుంది. 82 మిల్లీగ్రాముల తూకంలో 15 మిల్లీగ్రాములు నీళ్లే అయితే మీ 3 శాతం నిజానికి రెండున్నర శాతం. ఇంత చిన్న తూకాన్ని నేరుగా వేయడం ఇష్టం లేకపోతే మెగ్నీషియం నైట్రేట్ ద్రావణంగా చేసి, క్రోమియం ఆక్సైడ్ మీద పోసి, ఆరబెట్టి, 600 డిగ్రీల దగ్గర కాల్చాక రాగి ఆక్సైడ్ కలపడం మంచిది. పంపిణీ కూడా సమంగా ఉంటుంది.

అగేటు కల్వంలో ఇథనాల్‌తో అరగంటకు తక్కువ కాకుండా నూరాలి. బిళ్లగా నొక్కి గాలిలో 1,100 డిగ్రీల దగ్గర 12 గంటలు కాల్చి, మళ్లీ నూరి, మళ్లీ అంతే కాల్చాలి. బిళ్లను అల్యూమినా క్రూసిబుల్ మీద నేరుగా పెట్టకూడదు. రాగి ఆక్సైడ్ అల్యూమినాలోకి పాకుతుంది, అడుగున బూడిద రంగు మచ్చ పడుతుంది, బిళ్లలో రాగి తగ్గుతుంది. అదే మిశ్రమం పొడిని కాస్త అడుగున పరిచి దాని మీద బిళ్ల పెట్టాలి.

డోపింగ్ లేని కాపర్ అల్యూమినియం ఆక్సైడ్ 10 గ్రాములు కావాలంటే క్యూప్రస్ ఆక్సైడ్ 5.839, అల్యూమినా 4.161 గ్రాములు. ఇది క్రోమియం దానికన్నా మొండిది. గాలిలో సుమారు 1,000 డిగ్రీల కింద దానికి స్థిరత్వం లేదు, కాపర్ ఆక్సైడ్‌గానూ (ఇకపై ఈ పేరు రెండు-ప్లస్ రాగి ఆక్సైడ్‌కే) కాపర్ అల్యూమినేట్ స్పినెల్‌గానూ విడిపోవాలని చూస్తుంది. ఆ విడిపోవడం నిదానంగా జరుగుతుంది కాబట్టే పదార్థం మన చేతికి వస్తుంది. చల్లార్చేటప్పుడు 1,000 నుంచి 700 మధ్య ఎక్కువసేపు ఆపకూడదు. బంతి మరలో సన్నగా నూరిన అల్యూమినా వాడితే 1,100 సరిపోతుంది, ముతక అల్యూమినాతో 1,150 దాటినా చర్య పూర్తి కాదు.

పలుచని పొర

చాలా ప్రయోగశాలల్లో స్పట్టరింగ్ ఉండదు, స్పిన్ కోటర్ ఉంటుంది. 50 మిల్లీలీటర్ల ద్రావణానికి: కాపర్ అసిటేట్ మోనోహైడ్రేట్ 1.997 గ్రాములు, క్రోమియం నైట్రేట్ నోనాహైడ్రేట్ 3.881 గ్రాములు, మెగ్నీషియం నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 0.077 గ్రాములు. ద్రావకం 2-మెథాక్సీఇథనాల్, పొగ గూడులోనే వాడాలి. రాగి అసిటేట్ పూర్తిగా కరగకపోతే కొద్దిగా మోనోఇథనాలమైన్ చుక్కలుగా వేయాలి. కలిపిన ద్రావణాన్ని హాట్ ప్లేట్ మీద ఎండిపోయేదాకా ఎప్పుడూ వదలొద్దు. నైట్రేట్, ఆర్గానిక్ ద్రావకం కలిసి ఎండితే ఒక్కసారిగా మండుతుంది.

సోడా-లైమ్ గాజు పనికిరాదు. 550 డిగ్రీలకే మెత్తబడటం ఒక కారణం. గాజులోని సోడియం క్రోమియంతో కలిసి ఆరు-ప్లస్ క్రోమేట్ కావడం ఇంకో కారణం. అది పసుపు పచ్చగా కనిపిస్తుంది, విషం, క్యాన్సర్ కారకం. అలాంటి పసుపు కనిపిస్తే పొడి గుడ్డతో తుడవకూడదు. చేతి తొడుగులు వేసుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను హెవీ మెటల్ వ్యర్థాల్లో వేయాలి. ఆధారంగా క్వార్ట్జ్ గానీ నీలమణి గానీ తీసుకోవాలి.

నిమిషానికి 3,000 చుట్లు, 30 సెకన్లు. ప్రతి పూత తర్వాత గాలిలో 400 డిగ్రీల దగ్గర పది నిమిషాలు. ఒక్కో పూత సుమారు 20 నుంచి 30 నానోమీటర్లు వస్తుంది కాబట్టి 200 నానోమీటర్లకు ఏడు నుంచి పది పూతలు పడతాయి. గాలిలో ఈ కాల్పు తప్పనిసరి. ఆర్గానిక్ మిగిలితే ఆ కార్బన్ తర్వాత నైట్రోజన్‌లో రాగిని లోహంగా మార్చేస్తుంది. పొర అద్దంలా ఎర్రగా మెరిసి, డిఫ్రాక్షన్‌లో 43.3 డిగ్రీల దగ్గర శిఖరం వస్తే అది లోహపు రాగి. హైడ్రోజన్ కలిసిన గ్యాస్‌తో కూడా అంతే.

గాలిలో కాలిన పొరలో ఉండేది డెలఫోసైట్ కాదు, కాపర్ ఆక్సైడ్, కాపర్ క్రోమైట్ స్పినెల్‌ల మిశ్రమం. దాన్ని నైట్రోజన్‌లో 800 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే రెండూ కలిసి, ఆక్సిజన్ వదిలి, డెలఫోసైట్ అవుతాయి. 200 డిగ్రీల కిందికి చల్లారేదాకా నైట్రోజన్ ఆపకూడదు. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. డెలఫోసైట్ కావాలంటే ఆక్సిజన్ తగ్గాలి, హోల్స్ కావాలంటే ఆక్సిజన్ ఉండాలి. అందుకని అతి స్వచ్ఛమైన గ్యాస్ వెంట పడటం కన్నా ఒకే సిలిండరు, ఒకే ప్రవాహ వేగం పట్టుకుని, ఉష్ణోగ్రతను 25 డిగ్రీల మెట్లలో మారుస్తూ వాహకత ఎక్కడ ఎక్కువ వస్తుందో చూడటం మేలు.

డబ్లిన్ ట్రినిటీ కాలేజీ బృందం ఇంకో దారి పట్టింది. మెగ్నీషియం లేకుండానే, రాగి బాగా తక్కువగా ఉన్న కాపర్ క్రోమియం ఆక్సైడ్‌ను స్ప్రే పైరాలిసిస్‌తో 350 డిగ్రీల లోపే పొరగా వేసి సుమారు 12 సీమెన్స్ తెచ్చింది. ఆ రాగి లోటు స్థిరమైంది కాదు, గట్టిగా వేడి చేస్తే స్ఫటికం సర్దుకుని వాహకత పడిపోతుంది. తక్కువ ఉష్ణోగ్రత పరికరాలకు మాత్రం నాకు ఈ దారే ఎక్కువ ఆశాజనకంగా అనిపిస్తుంది.

డిఫ్రాక్షన్‌లో రెండు మోసాలు

రాగి కే-ఆల్ఫా కిరణాలతో కాపర్ క్రోమియం ఆక్సైడ్ బలమైన శిఖరం 36.4 డిగ్రీల దగ్గర వస్తుంది. క్యూప్రస్ ఆక్సైడ్ ప్రధాన శిఖరమూ సరిగ్గా అక్కడే, 36.4. ఆ ఒక్క శిఖరం చూసి డెలఫోసైట్ వచ్చిందనుకోకూడదు. డెలఫోసైట్ అయితే 31.4, 40.9 దగ్గర కూడా ఉండాలి. క్యూప్రస్ ఆక్సైడ్ అయితే 42.3 దగ్గర రెండోది కనిపిస్తుంది.

రెండోది: కాపర్ ఆక్సైడ్ శిఖరం 35.5, మెగ్నీషియం క్రోమైట్ స్పినెల్ శిఖరం 35.7. ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 38.7 దగ్గర జోడీ శిఖరం ఉంటే అది కాపర్ ఆక్సైడ్. లేకుండా 35.7 ఒక్కటే ఉంటే మెగ్నీషియం ఎక్కువై స్పినెల్‌గా బయటపడిందన్నమాట. పొడినైతే పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి చూడొచ్చు. కాపర్ ఆక్సైడ్ కరిగిపోతుంది, డెలఫోసైటూ స్పినెలూ మిగులుతాయి. డిఫ్రాక్షన్ చాలనంత పలుచని పొరకు రామన్ స్పెక్ట్రోస్కోపీ మంచిది. కాపర్ క్రోమియం ఆక్సైడ్‌కు సుమారు 452, 703 తరంగ సంఖ్యల దగ్గర, కాపర్ ఆక్సైడ్‌కు 298 దగ్గర, క్యూప్రస్ ఆక్సైడ్‌కు 218 దగ్గర రేఖలు వస్తాయి.

కొలతలు

20 సీమెన్స్ ఉన్న 200 నానోమీటర్ల పొర షీట్ రెసిస్టెన్స్ చదరానికి 2,500 ఓములు. నాలుగు సూదుల ప్రోబ్‌తో 10 మైక్రోఆంపియర్లు పంపితే లోపలి సూదుల మధ్య సుమారు 5.5 మిల్లీవోల్టులు రావాలి. వోల్టేజిని కరెంటుతో భాగించి 4.532తో గుణిస్తే షీట్ రెసిస్టెన్స్. ఈ గుణకం నమూనా సూదుల మధ్య దూరం కన్నా చాలా పెద్దదైతేనే వర్తిస్తుంది. ఒక సెంటీమీటరు ముక్కను మిల్లీమీటరు దూరపు ప్రోబ్ కింద పెట్టినప్పుడు కొంత సవరణ వేయాలి.

హాల్ కొలత (అయస్కాంత క్షేత్రంలో పక్కకు వచ్చే వోల్టేజి నుంచి హోల్స్ సంఖ్యనూ మొబిలిటీనీ తీసే పద్ధతి) దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. అదే పొరలో హోల్స్ 7 × 10²⁰ అనుకుంటే, 10 మైక్రోఆంపియర్లు, 0.5 టెస్లా దగ్గర హాల్ వోల్టేజి 0.2 మైక్రోవోల్టు మాత్రమే. కాంటాక్టులు ఒక్క శాతం పక్కకు జరిగితే వచ్చే తప్పుడు వోల్టేజి 250 మైక్రోవోల్టులు, వెయ్యి రెట్లకు పైనే. గది ఉష్ణోగ్రత కాస్త ఊగితే ప్లస్-మైనస్ గుర్తు కూడా తారుమారవుతుంది. కాపర్ అల్యూమినియం ఆక్సైడ్ మొబిలిటీ 1997లో 10.4గా వచ్చి, 2000లో అదే బృందం మెరుగైన పొరల మీద 0.13గా రాసిందంటే, ఈ పదార్థాల్లో ఒక్క హాల్ అంకె మీద ఎంత భారం వేయొచ్చో ఆలోచించాలి. అయస్కాంత దిశనూ కరెంటు దిశనూ తిప్పి తిప్పి సగటు తీయకుండా వచ్చిన హాల్ మొబిలిటీని నమ్మను.

పి-టైప్ అని రుజువుకు సీబెక్ (వేడి తేడా వల్ల పుట్టే వోల్టేజి) చాలు. చేతి కింది పద్ధతి: మల్టీమీటరు పాజిటివ్ సూదిని సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి, నెగటివ్ సూదిని చల్లగా ఉంచి, రెండూ పొర మీద ఆనించాలి. హోల్స్ వేడి వైపు నుంచి చల్లటి వైపు పోతాయి కాబట్టి రీడింగ్ మైనస్ వస్తే పి-టైప్. ముందు తెలిసిన ఐటీఓ ముక్క మీద ప్లస్ వస్తోందని చూసుకోవాలి. ఉష్ణోగ్రతతో వాహకత బాగా మారుతూ సీబెక్ దాదాపు స్థిరంగా ఉంటే పోలరాన్ దూకుతూ కదులుతోంది అన్నదానికి అది బలమైన సూచన. కాంటాక్టులకు బంగారం వాడాలి. అల్యూమినియం అడ్డుగోడ కట్టేస్తుంది.

కంప్యూటర్‌లో ఎలక్ట్రాన్ సాంద్రత (డీఎఫ్‌టీ) లెక్కలు వేసేవాళ్లకు ఒక్క మాట. మామూలు జీజీఏ ఉజ్జాయింపు గ్యాప్‌ను తక్కువ చూపడమే కాదు, హోల్‌ను రాగి అణువులన్నిటి మీదా పలుచగా పరిచేస్తుంది, పోలరాన్ మాయమవుతుంది. రాగి డి స్థాయిల మీద ప్లస్-యూ సవరణ గానీ హెచ్‌ఎస్‌ఈ06 లాంటి హైబ్రిడ్ పద్ధతి గానీ తప్పదు. 12 అణువుల హెక్సాగోనల్ సెల్‌ను మూడు బై మూడు పెంచితే 108 అణువులు, 27 రాగి అణువులు. అందులో ఒక రాగి తీస్తే ఖాళీల సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 9 × 10²⁰. నిజమైన పలుచని డోపింగ్ కన్నా అది చాలా ఎక్కువ, కాబట్టి సెల్ పరిమాణం మార్చి చూడకుండా ఖాళీ శక్తి స్థాయిని ప్రకటించకూడదు.

ఎక్కడ పనికొస్తుంది

ఐటీఓ స్థానంలో తెర మీద అడ్డంగా కరెంటు మోయడానికి ఇప్పటి డెలఫోసైట్లు చాలవు. నిలువుగా మోసే పనికి మాత్రం ఇప్పటికే సరిపోతాయి. 2000లోనే హొసోనో బృందం, డెలఫోసైట్ కాకపోయినా అదే కోవకు చెందిన, పొటాషియం కలిపిన స్ట్రాన్షియం కాపర్ ఆక్సైడ్‌ను జింక్ ఆక్సైడ్‌తో జోడించి 382 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి ఇచ్చే డయోడ్ చేసింది. ఇప్పుడు పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్‌లో హోల్ రవాణా పొరగా కాపర్ క్రోమియం ఆక్సైడ్ నానో రేణువులు వాడుతున్నారు. వాటిని హైడ్రోథర్మల్ పద్ధతిలో 240 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు ఉంచి చేస్తారు. మీ టెఫ్లాన్ లైనరుకు ఆ వేడి అనుమతి ఉందో లేదో తయారీదారు పత్రంలో ముందు చూడండి, చాలావాటికి 220 దగ్గరే హద్దు.

ఆ పనిలో పొర మందం 50 నానోమీటర్లు. వాహకత సెంటీమీటరుకు 0.01 సీమెన్స్ అయినా, చదరపు సెంటీమీటరుకు నిరోధం 0.0005 ఓము. సోలార్ సెల్ ఇచ్చే 20 మిల్లీఆంపియర్ల దగ్గర పోయే వోల్టేజి 0.01 మిల్లీవోల్టు. అక్కడ మెగ్నీషియం వేయకపోయినా నడుస్తుంది. అప్పుడు చూసుకోవాల్సింది వాహకత కాదు, పొర సమంగా పరుచుకుందా లేదా, దాని సంయోజక పట్టీ శిఖరం పెరోవ్‌స్కైట్ శిఖరంతో ఎంత దగ్గరగా కలుస్తోంది అన్నదే.